గోడకు తగిన సబ్బు

గౌస్ పీర్ పుట్టింది నల్లమాడలో. వాళ్ల నాయన సంత సంతకూ తిరిగి గాజులమ్మేవాడు. కొడుక్కు ఆ మాటకారితనం రాలేదు. పందొమ్మిది వందల యాభైమూడులో మలేరియా పోగొట్టాలని సర్కారు ఊరూరా ఇండ్లకు మందు కొట్టించడం మొదలుపెడితే, ఇరవై రెండేండ్ల వయసులో ఆ పనికి కుదిరినాడు. బకెట్టులో ఇత్తడి పంపు నిలబెట్టి, దాని పక్కనుంచి కిందికి దిగిన ఇనుప రికాబును కాలితో తొక్కిపట్టి ఒకడు పిడి కొట్టాల. ఇంకొకడు పొడుగాటి గొట్టం పట్టుకొని గోడలకు మందు చిమ్మాల. తొమ్మిదేండ్లు గౌస్ పీర్ గొట్టం పట్టినాడు. మట్టిగోడ ఎంత తాగుతుందో, రాతిగోడ మీద నీళ్లు ఎట్ల జారుతాయో, సున్నం గోడకు ఎంత దూరం నిలబడి కొడితే పెచ్చులూడవో ఆ చేతికి తెలిసిపోయింది.

జ్వరాలు తగ్గినాయి. దాంతో పాటు పనీ తగ్గింది. ఒకరోజు పిలిచి రేపటినుంచి రావద్దన్నారు. ఆ ఏడే పాత పంపులు వేలం వేస్తే ఒకటి పాడుకొని ఇంటికి తెచ్చినాడు. ఇంత ఇత్తడి కరగబోస్తే రెండు బిందెలైతాయి కదా అని పెండ్లాం అమీర్ బీ అడిగింది. దీంతో బస్సులు కడుగుతానని చెప్పినాడు. ఆమె నవ్వలేదు. చీర కొంగు బిగించి, పిడి ఎట్ల కొట్టాల్నో చూపించమంది.

ఇద్దరూ కొత్తచెరువుకు వచ్చి కాపురం పెట్టినారు. ఆమె పంపు కొట్టేది, ఆయన గొట్టం పట్టేవాడు. బస్సులు, లారీలు, అంగళ్ల ముందరి గోడలు, మిల్లుల రేకులు, ఏవి కడగమన్నా కడిగేవాళ్లు. పంపు పని ఆయనకు కొట్టినపిండి. తలనొప్పి అంతా సబ్బుతోనే వచ్చేది.

ఆ సీమ బావుల్లో ఊరేవి ఉప్పునీళ్లు. అంగట్లో అమ్మే బట్టల సబ్బు ఎంత గిలక్కొట్టినా నురుగు రాదు. పాలు విరిగినట్టు తెల్లటి తునకలై పైకి తేలుతుంది. ఆ జిడ్డు గోడకు అంటుకుంటే దాన్ని వదిలించడానికి మళ్లీ నీళ్లు కావాల. నీళ్లకే కదా అక్కడ కరువు. అందుకని గౌస్ పీర్ లెక్కలో సబ్బు ధర అంటే అంగడివాడు చెప్పే ధర కాదు. ఒక గోడ తెల్లబడాలంటే ఎంత సబ్బు పడుతుంది, ఎన్ని బిందెల నీళ్లు పోతాయి, అమీర్ బీ చెయ్యి ఎంతసేపు ఆడాల, ఆ మూడూ కలిస్తేనే ధర. ఏ పని ఒప్పుకున్నా ముందు గోడ మూలన జానెడు జానెడు చదరాలు గీసి, ఒక్కోదాని మీద ఒక్కో సబ్బు వేసి, చెంబుతో కొలిచి నీళ్లు పోసి చూసేవాడు. జనం ఎగతాళి చేసేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

అరవై ఆరు వేసవికి వరసగా రెండో ఏడు వానలు పోయినాయి. ఆ మే నెలలో ఊరి చివరి చెనిక్కాయల మిల్లు గోదాము అంటుకుంది. నూనె తీసిన చెక్క, నూనె గోనెలు, డబ్బాలు అన్నీ కాలినాయి. గోదాముకు ఇవతల ఇరవై అడుగుల ఖాళీ జాగా, ఆ తర్వాత పది మంచాల కాన్పుల ఆసుపత్రి. మంటలు ఆసుపత్రిని అంటుకోలేదు గాని, సెగా నూనె పొగా పోయి దాని తూర్పు గోడను పట్టినాయి. తెల్లటి సున్నం గోడ తారు పూసినట్టు అయింది.

అనంతపురం నుంచి ఓవర్సీరు వచ్చి చూసినాడు. ఆయన ముసలాయన, తొందరపడే మనిషి కాదు. గోటితో మసి గీకి, కర్రతో గోడను తట్టి, ఈ నలుపు పోయేదాకా సెగకు గోడ లోపల ఏమయిందో చెప్పలేనన్నాడు. శుక్రవారం మధ్యాన్నం బస్సుకు మళ్లీ వస్తాననీ, అంతవరకు ఎవ్వరినీ లోపల పండబెట్టవద్దనీ చెప్పి పోయినాడు. డాక్టరు వారానికొకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఆసుపత్రి నర్సు చిన్నక్క చేతిమీద నడిచేవి. ఊరి బడికి సెలవుల తాళం పడి ఉంది కాబట్టి ఆమె ఐదుగురు ఆడవాళ్లనూ ముగ్గురు పసిబిడ్డలనూ బయటికి తెచ్చి టార్పాలిన్ కింద మంచాలు వేయించింది. సాయంత్రాలు కాస్త నీడ పడేది ఆ నల్లగోడ పక్కనే. అందుకని టార్పాలిన్ గోడను ఆనించే కట్టినారు.

గోడ పని కంట్రాక్టరు గంగాధరప్పకు వచ్చింది. కడిగించడం, అతుకులు వేయించడం, సున్నం కొట్టించడం అన్నీ ఆయనవే. డబ్బున్నవాడు, మాట కరుకు. ఆ టార్పాలిన్ కింద ఉన్న ఐదుగురిలో ఒకతె ఆయన కూతురు అక్కమ్మ. కాన్పయి నాలుగు రోజులు. జ్వరానికి ఎండ తోడై ఒళ్లు కాలిపోతా ఉంది. గంగాధరప్ప రోజుకు పదిసార్లు వచ్చి టార్పాలిన్ లోకి తొంగిచూసి తిరిగిపోయేవాడు.

బుధవారం పొద్దున ఆయన గౌస్ పీర్‌ను పిలిపించినాడు. ఆసుపత్రి బావి ఎండిపోయి నెలయింది. రెండు మైళ్ల దూరంలో ఒక తోట బావినుంచి ఎద్దుల బండి మీద రోజుకు ఆరు పీపాల నీళ్లు వస్తాండె. అందులో రెండు రోగులకు. నాలుగే గోడకు. అంతకుమించి బొట్టు రాదని గంగాధరప్ప ముందే చెప్పినాడు.

గౌస్ పీర్ గోడ మూలన నాలుగు చదరాలు గీసినాడు. మొదటిదానికి బట్టల సబ్బు తురిమి వేసినాడు. అది అనుకున్నట్టే విరిగి, మసి మీద బూడిదరంగు పూతై కూర్చుంది. రెండోదానికి చాకలి సోడా ఒక్కటే. నూనె కాస్త వదిలింది గాని మసి అట్లనే ఉంది. మూడోదానికి కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన రసం. ఉప్పునీళ్లలో కూడా దానికి నురుగు లేచింది, అయితే మసి కింద నూనె పొర కదల్లేదు. నాలుగోదానికి ముందు సోడా నీళ్లు కొట్టి, వంద లెక్కపెట్టేదాకా ఆగి, పైన కుంకుడు రసం కొట్టినాడు. నల్లటి నురుగు బుసబుస కారింది. ఒక్క చెంబు నీళ్లు చిమ్మితే సున్నం బయటపడింది. అమీర్ బీ పిడి వదిలి దగ్గరికొచ్చి, వేలితో రాసి చూసి, తలూపింది.

అప్పటికే గంగాధరప్ప ఒక రేకు డ్రమ్ము దించినాడు. అందులో కాస్టిక్ సోడా ఉంది. ఏదో సబ్బు కార్ఖానాలో మిగిలింది దాదాపు ఊరికే దొరికిందంట. దాన్ని పంపులో పోసి కొడితే రెండు పూటల్లో గోడ తేలిపోతుందని, శుక్రవారం పొద్దునకు సున్నం కూడా పడిపోతుందని ఆయన లెక్క.

గౌస్ పీర్ దాన్ని పంపులో పోయనన్నాడు. పంపు లోపలి తోలు వాషర్‌ను తినేస్తుంది, అది పోతే పోయింది, సున్నాన్ని కూడా తినేస్తుందన్నాడు. పైగా ఆ జారుడు వదలాలంటే నాలుగుసార్లు నీళ్లతో కడగాల, అన్ని నీళ్లు యాడున్నాయని అడిగినాడు.

"నీ కుంకుడుకాయలు ఎన్ని దినాలు పడతాయి?" అన్నాడు గంగాధరప్ప.

"శుక్రవారం మధ్యాన్నానికి అయిపోతాదన్నా. సున్నం మాత్రం ఆయన చూసినాకనే."

"నా బిడ్డ ఆడ ఎండలో మాడిపోతాంది గౌసూ. నువ్వు ఈడ చెంబులతో ఆటలాడుతాండావు."

గంగాధరప్ప గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉందని గౌస్ పీర్‌కు తెలిసింది. చివరికి గోడ పనిని రెండు ముక్కలు చేసినారు. ఉత్తరపు సగం గౌస్ పీర్‌కు, దక్షిణపు సగం ఓబుళేసుకు. ఓబుళేసు గంగాధరప్ప దగ్గర పదేండ్లుగా కూలి చేసే మనిషి. నలభై దాటినవాడు, ఏ పని చెప్పినా ఎదురు చెప్పడు. కాస్టిక్ నీళ్లు, వెదురు కర్రకు కట్టిన కొబ్బరి పీచు కుంచె అతని చేతికిచ్చినారు.

గురువారమంతా రెండు పక్కలా పని సాగింది. కడిగేటప్పుడు అడ్డమని టార్పాలిన్‌ను గోడకు పది అడుగులు అవతలికి జరిపినారు. ఓబుళేసు పక్క మసి గబగబా పోతాండె. చూసేవాళ్లకు అదే మేలనిపించింది. కాని కింద తెల్లటి పిండి రాలి కుప్పపడుతాండె. గౌస్ పీర్ ఆ పిండిని చూసినాడు. చేతికి గుడ్డ చుట్టుకోమని, తలకంటే పైకి కుంచె ఎత్తవద్దని ఓబుళేసుకు ఒకసారి చెప్పినాడు. ఓబుళేసు సరే గౌసన్నా అన్నాడు. ఇంకా గట్టిగా చెప్పాల్సింది. పక్కనే గంగాధరప్ప నిలబడి ఉన్నాడు. నా పని నేను చూసుకుంటే చాలనుకున్నాడు గౌస్ పీర్. ఆ అనుకోవడం ఆయన్ను తర్వాత చాలా ఏండ్లు పీడించింది.

శుక్రవారం పొద్దునకు ఉత్తరపు సగంలో గోడ నడిమి వైపు భాగం మిగిలింది. కిటికీ చుట్టూ, దాని కింద నేలదాకా. బండి రోగుల రెండు పీపాలు పోను గోడకు నాలుగు దించి పోయింది. మళ్లీ మరుసటి రోజు దాకా రాదు. ఓబుళేసు పక్క కడగడానికే రెండు పీపాలు పోయినాయి, అయినా గోడ ఇంకా జారుతానే ఉంది. ఒక పీపా సోడాలో, కుంకుడులో కలిసింది. చివరిది గోడ నురుగు కడగడానికి. ఎనిమిది గంటలకే ఎండ తూర్పుగోడను నేరుగా కొడతాండె. అమీర్ బీ ఆగకుండా పిడి కొట్టింది. గౌస్ పీర్ పైనుంచి కిందికి సోడా పట్టించి, ఆగి, కుంకుడు నీళ్లు పట్టించినాడు. మసి నురుగు కిటికీ మూలలనుంచి ధారలు ధారలుగా దిగుతా ఉంది. అది ఎండిపోకముందే నీళ్లు కొట్టాల.

ఆయన చివరి పీపా నీళ్లు పంపు బకెట్టులోకి వంపబోతాండగా ఓబుళేసు కేక వినిపించింది.

నిచ్చెన మీద నిలబడి చూరు కింద రుద్దడానికి కుంచెను నెత్తికి పైగా ఎత్తినాడతను. పీచులో నిలిచిన కాస్టిక్ నీళ్లు ఒక్కసారిగా కర్ర వెంబడి జారి ముఖాన పడినాయి. నిచ్చెన దిగినాడో పడినాడో ఎవరూ చూడలేదు. నేలమీద మోకాళ్లమీద కూర్చొని రెండు చేతులతో కండ్లు నులుముకుంటా అరుస్తాండాడు.

అందరూ పరిగెత్తుకొచ్చినారు. ఒకరు ఆముదం పోయమన్నారు. బాలింత దగ్గర చనుబాలు అడగమన్నారు ఇంకొకరు. గౌస్ పీర్‌కు మందు కొట్టే రోజుల్లో ఒకటే సంగతి నూరిపోసినారు. కంట్లో పడితే నీళ్లు, మళ్లీ నీళ్లు, వేరే ఏదీ కాదు. ఆయన ఓబుళేసు చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టి, చివరి పీపా దగ్గరికి లాక్కుపోయినాడు. గొట్టం కొసన ఉన్న సన్నటి మూతి పీకి పారేసినాడు. అది ఉంటే నీళ్లు సూదుల్లా పొడుస్తాయి.

"అమీరూ, మెల్లగా కొట్టు. బిడ్డకు నీళ్లు పోసినట్టు."

గంగాధరప్ప పీపాకు అడ్డంగా నిలబడినాడు. ఆయన చూపు నురుగు కారే గోడ మీదికి పోయింది, టార్పాలిన్ మీదికి పోయింది, మళ్లీ పీపా మీదికి వచ్చింది. ఓవర్సీరు వచ్చేదానికి ఇంక మూడు గంటలు. గోడకు ఇవే చివరి నీళ్లని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గౌస్ పీర్ ఆయన ముఖంలోకి చూస్తా నిలబడినాడు. ఓబుళేసు అరుపు మాత్రం ఆగకుండా వినబడతా ఉంది. గంగాధరప్ప పక్కకు తొలిగినాడు. తొలిగి ఊరికే ఉండలేదు, బురదలో కూలబడి ఓబుళేసు తలను తన తొడమీద పెట్టుకొని కదలకుండా పట్టుకున్నాడు.

చిన్నక్క వచ్చి రెప్పలు వేళ్లతో విప్పి పట్టింది. ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను, మళ్లీ కుడికన్ను. చాలా, అని ఎవరో అడిగితే ఇంకా పొయ్యి అంది ఆమె. అమీర్ బీ చెయ్యి మార్చి మార్చి పిడి కొట్టింది, ధార తెగలేదు. పీపా అడుగు గీరినట్టు చప్పుడయ్యేదాకా పోస్తానే ఉన్నారు. అరగంట పైనే పట్టింది. అంతకంతకూ ఓబుళేసు అరుపు మూలుగైంది. చిన్నక్క కండ్లమీద తడిగుడ్డ కట్టింది. మిల్లు లారీ ఒకటి అనంతపురం పోతాంటే అందులో పండబెట్టి, తోడు ఇద్దరిని ఎక్కించి పంపినారు.

లారీ దుమ్ము అణిగినాక గౌస్ పీర్ వెనక్కి తిరిగినాడు. గోడ ఎండిపోయింది. కడగని మసి నురుగు చారలు చారలుగా గట్టిపడి, ముందుకంటే అసహ్యంగా కనబడతాంది. నీళ్లు లేవు. పని చెడింది. పంపు సర్దుకుందామని వంగినవాడు మళ్లీ లేచి చూసినాడు.

గోడంతా పొడిబారిపోయింది. ఒక్క చోట మాత్రం తడి ఆరలేదు. కిటికీ కింది మూలనుంచి ఏటవాలుగా నేలదాకా దారం వేసినట్టు ఒక నల్లటి గీత. ఆయన చూస్తానే నిలబడినాడు. చుట్టూ ఉన్న తడంతా ఎండ పీల్చేసింది, ఆ గీత తడి మాత్రం లోపలనుంచి ఊరుతాంది. గోడ పైపైన తాగిన నీళ్లు కావు అవి. లోపలికి దిగిన నీళ్లు. కిటికీ పైన చూసినాడు. అక్కడా ఆ గీత ఉంది, చూరుదాకా.

ఇది చెబితే అక్కమ్మ ఇంకెన్ని రోజులు ఆ టార్పాలిన్ కింద ఉండాల్నో. చెప్పకపోతే, మధ్యాన్నం నీడ పడంగానే మంచాలను మళ్లీ ఈ గోడ పక్కకే జరుపుతారు. నిన్న ఒకరికి గట్టిగా చెప్పక ఏమయిందో ఇంతకుముందే చూసినాడు. బురద బట్టలతో కూర్చుని ఉన్న గంగాధరప్ప దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుని లేపినాడు.

"అన్నా, గోడ పగిలి ఉండాది. ఈ పక్కకు మంచాలు రానియ్యొద్దు."

గంగాధరప్ప గీత దగ్గరికి పోయి ఈతపుల్ల ఒకటి అందులోకి తోసినాడు. జానెడు పుల్లా ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. ఆయన పుల్ల బయటికి తీసి, దాన్నే కాసేపు చూసినాడు. తర్వాత ఒక గునపం చేతబట్టి ఊళ్లోకి నడిచినాడు. బడికి సెలవులు, అయ్యవారు తాళాలతో సొంత ఊరు పోయినాడని మూడు రోజులుగా అందరూ అంటాండిన మాటే. గంగాధరప్ప బడి తాళాన్ని గునపంతో పగలగొట్టినాడు. అడిగితే తానే పగలగొట్టినానని చెప్పండన్నాడు. పన్నెండు గంటలలోపల ఐదు మంచాలూ, బిడ్డలూ, చిన్నక్క మందుల పెట్టె అన్నీ బడి వరండాకు చేరినాయి. ఒక మంచం తల పక్క గంగాధరప్ప పట్టుకుంటే కాళ్ల పక్క గౌస్ పీర్ పట్టుకున్నాడు. దాని మీద ఉన్నది అక్కమ్మ.

ఓవర్సీరు బస్సు దిగి వచ్చి గోడను చూసినాడు. గోడ చుట్టూ తాడు కట్టించి, దగ్గరికి ఎవ్వరూ పోకూడదన్నాడు. దక్షిణపు సగంలో కాస్టిక్‌కు పిండైన సున్నాన్ని గోటితో గీకి, ఆ పక్క కూడా ఇదే వాడి పైన సున్నం కొట్టి ఉంటే, పగులు తనకు కనబడేది కాదన్నాడు. మరుసటి వారం గోడ దించడానికి మోకులు కట్టి లాగినప్పుడు పది మంది అవసరమవుతారనుకుంటే, నలుగురు పట్టి లాగంగానే నడిమి భాగం మొత్తం ఖాళీ జాగాలో పడింది. మంచాలు ఉండిన చోటు రాళ్లతో నిండింది.

అక్కమ్మ జ్వరం బడి వరండాలో ఐదోనాటికి దిగింది. ఓబుళేసు నెలన్నర అనంతపురంలో ఉండి వచ్చినాడు. ఎడమకన్ను బాగుపడింది. కుడికన్నుకు వెలుతురు మాత్రమే తెలుస్తుంది, మనుషులు తెలియరు. అక్కడి డాక్టరు, నీళ్లు అంతసేపు పోసి ఉండకపోతే రెండూ పోయేవని చెప్పి పంపినాడంట. ఆ మాట అమీర్ బీకి చెప్పడానికే ఓబుళేసు వాళ్లింటికి వచ్చినాడు. ఆమె అతన్ని కూర్చోబెట్టి సంగటి పెట్టింది. గౌస్ పీర్ మాత్రం అతని ముఖం సూటిగా చూడలేకపోయినాడు. తినడం అయినాక, ఆ రోజు నేను నీకు ఇంకోసారి చెప్పాల్సింది అన్నాడు. చెప్పినా నేను వినేవాణ్ని కాదులే గౌసన్నా అన్నాడు ఓబుళేసు. ఆ మాట గౌస్ పీర్‌కు నిజమనిపించలేదు.

గంగాధరప్ప డ్రమ్ములో మిగిలిన కాస్టిక్‌ను ఊరి బయట గుంత తవ్వి పూడ్పించినాడు. కూలి ఇచ్చేటప్పుడు సగం గోడకే లెక్కగట్టినాడు, ఆ విషయంలో ఆయన మారలేదు. కాని ఆ తర్వాత ఏ గోడ పని వచ్చినా గౌస్ పీర్ చదరాలు గీసి చూసేదాకా సామాను కొనేవాడు కాదు. ఓబుళేసును పనిలోనుంచి తీసేయలేదు. కండ్లకు ప్రమాదం లేని పనులే చెప్పేవాడు.

మరుసటి ఏడు వానలు పడినాయి. బావుల్లో నీళ్లు ఊరినాయి. అయినా గౌస్ పీర్ బిందెల లెక్క మానలేదు. అమీర్ బీకి భుజం నొప్పి మొదలైతే, పంపు కొట్టడానికి తాను వస్తానని ఓబుళేసు అడిగినాడు. యాడికి అనే ఊరి దగ్గర నాపరాళ్ల గోదాముల గోడలు కడిగే పని ఒప్పుకున్నప్పుడు వాళ్లిద్దరూ కలిసి పోయినారు. మొదటి రోజు పొద్దున గౌస్ పీర్ సోడా మూట విప్పుతాంటే, ఓబుళేసు కండ్లకు గుడ్డ అడ్డం పెట్టుకొని నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడినాడు. గౌస్ పీర్ తొందరపెట్టలేదు. సోడా అంతా నీళ్లలో కరిగి, బకెట్టు మీద మూత పడినాక, అతనే వచ్చి పంపు రికాబు మీద కాలు పెట్టినాడు.